మునిశామప్పకి కన్నడమే వచ్చు

బసవనగుడిలో రెండు పడగ్గదుల ఫ్లాటు అమ్మి
నంది కొండల వెనక ఆరు గదుల హోటలు కొన్నాం.
కొన్నాం అంటే, మా శశిభూషణ్ కొన్నాడు.
నేను లెక్కలు రాశాను.
పిన్నత్త వకుళమ్మ "కొండ మీద కాఫీపొడి దొరుకుతుందా?"
అని ఒక్కటే అడిగి,
ఫిల్టరు ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది.

బోర్డు మీద 'మేఘమాల' అని రాయించాం.
మొదటి జంట వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చారు.
నాలుగున్నరకే లేచి, మా దుప్పట్లు కప్పుకుని,
పిట్టగోడ మీద ఏడింటి దాకా కూర్చుని,
లోపలికొచ్చి
మేఘాలు రాలేదు, సగం డబ్బు వాపసు ఇమ్మన్నారు.
శశి నిజంగానే పర్సు తీశాడు.
పిన్నత్త ఆ పర్సు మీద చెయ్యి పెట్టి అంది:
"బాబూ, మేఘాలకి మేం అడ్వాన్సు ఇవ్వలేదు."

కోతి వచ్చి బుకింగు రిజిస్టరు ఎత్తుకుపోయింది.
నీలగిరి చెట్టెక్కి జులై నెలంతా చింపి పోసింది.
ఆగస్టు జోలికి పోలేదు,
అందులో ఏమీ రాసి లేదు.

మునిశామప్ప హోటలుతో పాటే వచ్చాడు,
పన్నెండు పరుపులు, రెండు గీజర్లు, ఒక వంటమనిషి అని
అమ్మినాయన జాబితాలో మూడో వరస.
"లోకల్ మనిషి, కన్నడం తప్ప రాదు" అన్నాడాయన.
పంతొమ్మిదేళ్ళ బెంగళూరులో నేను సంపాదించిన కన్నడం
ఆటో బేరానికి చాలుతుంది, ఉప్మాకి చాలదు.
అందుకని ప్రతి మాటకీ ఒక తోక తగిలించాను:
ఉల్లిపాయ కట్ మాడి, రవ్వ ఫ్రై మాడి,
అయ్యో, అడుగు మాడిపోకుండా మాడి!
అతను తల ఊపేవాడు. అడుగు మాడేది కాదు.

మూడు నెలలు అతని ఎదురుగానే
హాయిగా తెలుగులో కొట్టుకున్నాం.
పదమూడు వేలు దండగ అని పిన్నత్త,
ఈవిడ పిసినారితనానికి గెస్టులు పారిపోతున్నారని నేను,
బ్యాంకువాడు మళ్ళీ ఫోన్ చేశాడని,
గ్యాసుకి కూడా డబ్బుల్లేవని,
వంటింటి గుమ్మంలో కూలబడి శశి.
మర్నాడు ఎక్కణ్ణించో సిలిండరు వచ్చింది.
"చూశావా, కొండ కింద మనకెంత పరపతో!" అని
శశి ఆ రోజు రెండు దోసెలు ఎక్కువ తిన్నాడు.

ఆ రాత్రి వాన. కరెంటు లేదు.
వంటింట్లో కొవ్వొత్తి పక్కన నిలబడి
అక్కకి ఫోన్లో చెప్పాను:
దసరాకి వచ్చేస్తానే, ఇంక ఈ కొండ ఎక్కను.
మునిశామప్ప గిన్నెలు తోముకుంటున్నాడు.

పొద్దున కాఫీ తెచ్చి నా ముందు పెట్టి,
అటు తిరిగి, చాలా మామూలుగా,
"దసరాకి గదులన్నీ నిండతాయమ్మా.
పోవాలంటే దీపావళికి పోండి" అన్నాడు.

కాఫీ నా చీర మీద పడింది.

"మా ఇంట్లో మాట్లాడేది తెలుగే కదమ్మా,
ఈ పక్క ఊర్లన్నీ అంతే.
మీరు కన్నడం నేర్చుకుంటా ఉండారు,
మధ్యలో చెడగొట్టేది ఎందుకని ఊరకున్నా."
సిలిండరు సంగతి నేనూ అడగలేదు,
అతనూ చెప్పలేదు.

ఇంట్లో రెండు రోజులు ఎవరూ నోరెత్తలేదు.
గెస్టులు 'ఎంత ప్రశాంతంగా ఉందో' అని రాసి వెళ్ళారు.
మూడో రోజు పిన్నత్త తట్టుకోలేక,
చిన్నప్పటి క-భాష బయటికి తీసి,
శశిని మూలకి లాగి గుసగుసగా అడిగింది:
"కజీకతం కపెంకచాకలా?"

వంటింట్లో పోపు చిటపటలాడింది.
ఆ పొగలోంచి, గరిటె ఆపకుండానే, జవాబు:
"కపెంకచంకడి."